ఒక్క సెమిస్టర్‌కి విదేశం: హాస్టలా, షేరింగ్ ఫ్లాటా, హోమ్‌స్టేనా, ప్రైవేట్ స్టూడియోనా?

మీ కాలేజీ తరఫున విదేశీ యూనివర్సిటీలో ఒక్క సెమిస్టర్ చదివే ఎక్స్ఛేంజ్ సీటు ఖాయమైంది, వీసా పని నడుస్తోంది. ఇక తేలాల్సింది బస: యూనివర్సిటీ హాస్టలా, ఇతరులతో పంచుకునే ఫ్లాట్‌లో గదా, స్థానిక కుటుంబం ఇంట్లో ఉండే హోమ్‌స్టేనా, సొంత వంటగది, బాత్రూమ్ ఉన్న ఒంటి గది ప్రైవేట్ స్టూడియోనా? డిగ్రీ మొత్తం చదవడానికి వెళ్లేవాళ్లకీ, ఒక్క సెమిస్టర్‌కి వెళ్లేవాళ్లకీ అసలు తేడా ఇక్కడే వస్తుంది. రెండేళ్లు ఉండేవాళ్లు మొదటి గది నచ్చకపోతే మూడు నెలలు ఓర్చుకుని మారిపోతారు. మీకు ఉన్నదే నాలుగైదు నెలలు. గది వెతుక్కోవడంలో ఒక నెల పోయిందంటే వెళ్లిన పనిలో ఐదో వంతు పోయినట్టే. పైగా చాలా దేశాల్లో అద్దె ఒప్పందాలు ఏడాది లెక్కన రాస్తారు. ఐదు నెలల మనిషి ఆ లెక్కలో సరిగ్గా ఇమడడు.

అందుకని "నెలకు అద్దె ఎంత?" అన్న ప్రశ్నను రెండో స్థానంలో పెట్టండి. మొదటి ప్రశ్న ఇది: నా సెమిస్టర్ అయిపోయిన రోజుకు ఈ ఒప్పందం కూడా అయిపోతుందా?

## ముందుగా చూడాల్సినవి

తేదీలు. జర్మనీలో వింటర్ సెమిస్టర్ కాగితం మీద సాధారణంగా అక్టోబర్ 1 నుంచి మార్చి 31 వరకు. క్లాసులు మాత్రం చాలాచోట్ల అక్టోబర్ మధ్యలో మొదలై ఫిబ్రవరిలో ముగుస్తాయి. ఆస్ట్రేలియాలో మొదటి సెమిస్టర్ ఫిబ్రవరి చివర్లోనో మార్చి మొదట్లోనో మొదలవుతుంది. జపాన్‌లో విద్యా సంవత్సరం మొదలయ్యేది ఏప్రిల్‌లో. బ్రిటన్‌లో విద్యార్థుల కోసం కట్టిన ప్రైవేట్ భవనాల్లో 44 వారాలు, 51 వారాల ఒప్పందాలు మామూలు. మీరు ఉండేది 20 వారాలు అనుకుందాం. వారానికి అద్దె 100 అని చెప్పిన గదికి 44 వారాల ఒప్పందం ఉంటే మొత్తం 4,400. దాన్ని మీరుండే 20 వారాలకు పంచితే వారానికి 220 పడుతుంది. 150 చెప్పిన గది 20 వారాలకే దొరికితే అదే చవక. "వెళ్లేటప్పుడు ఇంకొకరికి ఇచ్చేస్తాలే" అన్న ధీమాతో పెద్ద ఒప్పందం మీద సంతకం పెట్టకండి. మీరు వెళ్లే నెలలోనే మిగతా ఎక్స్ఛేంజ్ విద్యార్థులందరూ తమ గదులు వదిలించుకోవాలని చూస్తుంటారు.

అడ్రస్ రిజిస్ట్రేషన్. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. జర్మనీలో ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు స్థానిక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి, దానికి ఇంటి యజమాని ఇచ్చే ధ్రువీకరణ కాగితం కావాలి. జపాన్‌లో నివాసం కుదిరిన 14 రోజుల్లోపు వార్డు ఆఫీసులో చెప్పాలి. నెదర్లాండ్స్‌లో నాలుగు నెలలకు మించి ఉండేవాళ్లు వచ్చిన ఐదు రోజుల్లోపు మున్సిపాలిటీలో నమోదు కావాలి. ఇలాంటి దేశాల్లో బ్యాంకు ఖాతా, రెసిడెన్స్ పర్మిట్, ఇన్సూరెన్స్ వంటివి చాలావరకు ఆ చిరునామా చుట్టూనే తిరుగుతాయి. "గది ఇస్తాం కానీ రిజిస్ట్రేషన్ కుదరదు" అనే ప్రకటన కనిపిస్తే అద్దె ఎంత తక్కువైనా పక్కన పెట్టేయండి.

మొత్తం ఖర్చు. జర్మనీ ప్రకటనల్లో "కాల్ట్‌మీటె" అంటే ఉత్త గది అద్దె, "వార్మ్‌మీటె" అంటే హీటింగ్, నీళ్లు వగైరా కలిపి. రెండో అంకెతోనే పోల్చాలి. కరెంటు, ఇంటర్నెట్ కొన్నిసార్లు దానిలోనూ ఉండవు. టీవీ లేకపోయినా ప్రతి ఇంటికీ కట్టాల్సిన ప్రసార రుసుము ఒకటి అక్కడ ఉంది. ఇంటికి ఒకటే కాబట్టి నలుగురున్న ఫ్లాట్‌లో నాలుగో వంతు పడుతుంది, ఒంటరి స్టూడియోలో మొత్తం మీదే. ఫ్రాన్స్‌లో అద్దెకుండేవాళ్లకు ఇంటి ఇన్సూరెన్స్ సాధారణంగా తప్పనిసరి. ఇలాంటివన్నీ కూడి, వాటికి బస్సు పాస్ కలిపి, సెమిస్టర్ మొత్తానికి ఒకే అంకె తీయండి.

డిపాజిట్. ఎంత కట్టాలన్నది ఒక ఎత్తు, ఎప్పుడు తిరిగొస్తుందన్నది ఇంకో ఎత్తు. జర్మనీలో చట్ట ప్రకారం మూడు నెలల కాల్ట్‌మీటె కంటే ఎక్కువ డిపాజిట్ అడగకూడదు. ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఇళ్లకు ఐదు వారాల అద్దె పరిమితి, పైగా ఆ డబ్బును 30 రోజుల్లోపు ప్రభుత్వ ఆమోదం ఉన్న పథకంలో భద్రపరచాలి. ఫ్రాన్స్‌లో 2018 చట్టంతో వచ్చిన "బాయ్ మొబిలితే" అనే ఒప్పందం ఉంది. ఒకటి నుంచి పది నెలల కాలానికి, ఫర్నిచర్ ఉన్న ఇళ్లకు, విద్యార్థుల వంటివారి కోసమే. దీనిలో డిపాజిట్ అడగడానికే వీల్లేదు. ఫ్రాన్స్ వెళ్లేవాళ్లు ఈ పేరు గుర్తుపెట్టుకుని ఇంటి యజమానిని నేరుగా అడగొచ్చు.

దూరం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కిలోమీటర్లు కాకుండా రాత్రి ఆఖరి బస్సు ఎన్నింటికి అన్నది చూడండి. మ్యాప్‌లో పగటి వేళ కాక రాత్రి పదకొండు గంటల సమయం పెట్టి దారి వెతికితే అసలు సంగతి తెలుస్తుంది.

## నాలుగింటినీ పక్కపక్కన పెడితే

| | యూనివర్సిటీ హాస్టల్ | షేరింగ్ ఫ్లాట్‌లో గది | హోమ్‌స్టే | ప్రైవేట్ స్టూడియో |
|---|---|---|---|---|
| ఒప్పందం కాలం | తరచుగా సెమిస్టర్‌కి సరిపోతుంది | మాట్లాడుకున్నదాన్ని బట్టి | నెలల లెక్కన, సులువు | ఎక్కువగా ఏడాది దగ్గర |
| రిజిస్ట్రేషన్ | సాధారణంగా ఇబ్బంది ఉండదు | కచ్చితంగా ముందే అడగాలి | అడగాలి | సాధారణంగా ఇబ్బంది ఉండదు |
| మోసపోయే అవకాశం | దాదాపు లేదు | ఎక్కువ | ఏజెన్సీ ద్వారా అయితే తక్కువ | తక్కువ |
| స్థానిక భాష | తక్కువ | ఇంట్లోవాళ్లను బట్టి | అన్నిటికంటే ఎక్కువ | దాదాపు లేదు |
| సొంత వంట | కొన్నిచోట్ల వంటగదే ఉండదు | పూర్తి స్వేచ్ఛ | పరిమితం | సొంత వంటగది |
| ఏకాంతం | మధ్యస్థం | మధ్యస్థం | తక్కువ | పూర్తిగా |

పట్టికలో ఒక వరుస మిగతా వాటికంటే బరువైనది, అది మొదటిది. కాలం కుదరని గదికి మిగతా మార్కులు ఎన్ని వచ్చినా లాభం లేదు.

## యూనివర్సిటీ హాస్టల్

అవకాశం ఉంటే, తేదీలు కుదిరితే, నా సలహా ముందు ఇదే. గది గొప్పగా ఉంటుందని కాదు. చాలాసార్లు చిన్నగా, పాతగా ఉంటుంది. కానీ ఇచ్చేవాళ్లకు మీరు ఎక్స్ఛేంజ్ విద్యార్థి అని తెలుసు. మీ సెమిస్టర్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో తెలుసు. రిజిస్ట్రేషన్ కాగితం ఇవ్వడం వాళ్లకు రోజువారీ పని. వీసాకు బస చూపించమని అడిగే ఇటలీ లాంటి దేశాలకు హాస్టల్ అలాట్‌మెంట్ లెటర్ చాలా పని తేలిక చేస్తుంది.

చిక్కల్లా దొరకడంలోనే ఉంది. మ్యూనిక్ లాంటి నగరాల్లో విద్యార్థి హాస్టళ్ల వెయిటింగ్ లిస్టు నెలల తరబడి సాగుతుంది. కొన్నిచోట్ల ఎక్స్ఛేంజ్ విద్యార్థులకు విడిగా కొన్ని గదులు ఉంచుతారు, అవి అడిగినవాళ్లకే. కాబట్టి అడ్మిషన్ మెయిల్‌తో పాటు హాస్టల్ ఫారం లింకు వస్తే ఆ రోజే నింపేయండి. కోర్సుల ఎంపిక ఆలోచించుకోవడానికి వారం తీసుకోవచ్చు, ఈ ఫారానికి వద్దు. శారీరక అవసరాల వల్ల లిఫ్టు గానీ, ప్రత్యేకమైన బాత్రూమ్ గానీ కావాల్సినవాళ్లు ఆ ఫారంలోనే స్పష్టంగా రాయాలి. అలాంటి గదులు తక్కువగా ఉంటాయి, అందరికంటే ముందు నిండుతాయి.

ఒప్పుకునే ముందు హాస్టల్ ఆఫీసును అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. సెలవుల్లో తెరిచి ఉంటుందా? అమెరికాలో చాలా క్యాంపస్ హాస్టళ్లు డిసెంబర్ సెలవుల్లో మూసేస్తారు, ఆ రెండు మూడు వారాలు ఎక్కడుండాలో మీరే చూసుకోవాలి. మీల్ ప్లాన్ తప్పనిసరా? అక్కడే చాలా హాస్టళ్లలో అది గదితో పాటే అంటగడతారు. తిండి విషయంలో పట్టింపులున్నవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకుంటే, డబ్బు కట్టిన భోజనం వదిలేసి బయట కొనుక్కు తినాల్సి వస్తుంది. దుప్పటి, దిండు, వంట సామాను ఇస్తారా? చాలాచోట్ల మంచం, బల్ల, కుర్చీ వరకే ఇస్తారు.

ఇంకో సంగతి. కొన్ని యూనివర్సిటీలు ఎక్స్ఛేంజ్ విద్యార్థులందరినీ ఒకే భవనంలో పెడతాయి. మొదటి వారంలోనే ఇరవై మంది స్నేహితులు దొరుకుతారు, సరదాగా ఉంటుంది. కానీ ఆ దేశం వాళ్లతో పరిచయం లేకుండానే సెమిస్టర్ గడిచిపోవచ్చు. అది మీకు సమస్యా కాదా అన్నది మీరు వెళ్లేది దేనికోసం అన్నదాన్ని బట్టి ఉంటుంది.

## షేరింగ్ ఫ్లాట్‌లో గది

కుదిరితే అన్నిటికంటే బాగుండేది ఇదే, కుదరకపోతే అన్నిటికంటే ఇబ్బంది పెట్టేదీ ఇదే.

ఒక్క సెమిస్టర్ వాళ్లకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. మీరు వెళ్తున్న ఊరి నుంచి కూడా విద్యార్థులు ఎక్స్ఛేంజ్‌కి వేరే దేశాలకు వెళ్తుంటారు. వాళ్ల గదులు సరిగ్గా ఐదారు నెలలు ఖాళీగా ఉంటాయి. మంచం, బల్ల, గిన్నెలు అన్నీ అక్కడే వదిలి వెళ్తారు. జర్మనీలో దీన్ని "జ్విషెన్‌మీటె" అంటారు, గదుల వెబ్‌సైట్లలో తాత్కాలిక అద్దె కోసం విడిగా ఫిల్టర్ ఉంటుంది. మీరు వెళ్లే యూనివర్సిటీ ఎక్స్ఛేంజ్ ఆఫీసుకు "ఈ సెమిస్టర్ బయటికి వెళ్తున్న మీ విద్యార్థులెవరైనా గది ఇవ్వాలనుకుంటే నా వివరాలు వాళ్లకు పంపగలరా?" అని ఒక మెయిల్ రాయండి. మీ కాలేజీకి అటునుంచి వస్తున్నవాళ్లుంటే ఇంకా మేలు, వాళ్ల గదే అడగొచ్చు.

కానీ మూడు సంగతులు తేల్చుకోవాలి. ఇంటి యజమాని అనుమతి ఉందా? జర్మనీలో గదిని మరొకరికి ఇవ్వాలంటే యజమాని ఒప్పుకోవాలి. నెదర్లాండ్స్‌లోనూ, స్వీడన్‌లోనూ అనుమతి లేని సబ్‌లెట్‌లో (అద్దెకున్నవాళ్లు మళ్లీ అద్దెకిచ్చిన గదిలో) ఉంటే ఆ చిక్కు మీ మీదకే రావచ్చు. రెండోది, ఒప్పందం ఎవరి పేరు మీద? ఇంగ్లండ్‌లో ఇంటికంతటికీ కలిపి ఒకే ఉమ్మడి ఒప్పందం ఉంటే, ఒకరు అద్దె ఎగ్గొట్టినా మిగతావాళ్లందరూ బాధ్యులే. సెమిస్టర్ మనిషికి గదికి విడిగా ఒప్పందం ఉండటమే క్షేమం. మూడోది రిజిస్ట్రేషన్, అది ముందే చెప్పుకున్నాం.

మోసాల తీరు ఏ దేశంలోనైనా ఒకేలా ఉంటుంది. ఫొటోలు హోటల్ గదిలా మెరుస్తుంటాయి, అద్దె ఆ ఊరి ధర కంటే బాగా తక్కువ. యజమాని "పని మీద వేరే దేశంలో ఉన్నాను, తాళాలు కొరియర్‌లో పంపిస్తాను" అంటారు. ఇంకో ఇద్దరు అడుగుతున్నారని తొందర పెడతారు. పాస్‌పోర్టు కాపీ పంపి నమ్మిస్తారు, అది చాలాసార్లు ఇంతకుముందు మోసపోయినవాళ్లదే అయి ఉంటుంది. లైవ్ వీడియో కాల్‌లో గది చూపించమనండి. కిటికీలోంచి వీధి, గుమ్మం మీది నంబరు, కొళాయిలో నీళ్లు చూపించమనండి. నిజంగా గది ఉన్నవాళ్లకు ఇది రెండు నిమిషాల పని. ప్రకటనలోని ఫొటోను ఇమేజ్ సెర్చ్‌లో వేయండి. మీ యూనివర్సిటీ కేటాయించిన బడ్డీ (కొత్తవాళ్లకు తోడుండే అక్కడి విద్యార్థి) ఎవరైనా ఉంటే ఒకసారి వెళ్లి చూసిరమ్మని అడగడానికి మొహమాటపడకండి. ఒప్పందం చేతికి రాకుండా డబ్బు పంపవద్దు. ఆ తర్వాత కూడా, తిరిగి రాబట్టుకోవడానికి వీల్లేని నగదు బదిలీ సర్వీసుల ద్వారా అసలే వద్దు.

ఇక్కడ ఎంచుకునేది మీరొక్కరే కాదు. ఫ్లాట్‌లో ఉంటున్నవాళ్లు కూడా మిమ్మల్ని ఎంచుకోవాలి. వీడియో కాల్‌లో కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేస్తారు. "గది ఖాళీగా ఉందా?" అని ఒక్క ముక్క రాస్తే జవాబు రాదు. ఏం చదువుతున్నారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఇంట్లో ఎలా ఉంటారు, వంట చేస్తారా అన్నది నాలుగు వాక్యాల్లో రాయండి. వాళ్లను మీరు అడగాల్సినవి శుభ్రం చేసే వంతులు, రాత్రిపూట గోల, ఇంటికి వచ్చిపోయేవాళ్లు. ఫ్లాట్‌మేట్లతో గొడవలు వచ్చేది చాలావరకు ఈ మూడింటి దగ్గరే.

## హోమ్‌స్టే

భాష నేర్చుకోవడమే అసలు ఉద్దేశం అయితే దీనికి పోటీ లేదు. క్లాసులో నేర్చుకున్న స్పానిష్ గానీ జపనీస్ గానీ రాత్రి భోజనం దగ్గర పనిలో పెట్టకపోతే ఐదు నెలల్లో నిలబడదు. ఇంటికి దూరంగా ఉండటం ఇదే మొదటిసారి అయినవాళ్లకు, తల్లిదండ్రుల టెన్షన్ తగ్గించాలనుకునేవాళ్లకు కూడా ఇది బాగా పనికొస్తుంది. జ్వరం వస్తే తలుపు తట్టి అడిగేవాళ్లు ఉంటారు.

దానికి బదులుగా స్వేచ్ఛ కొంత వదులుకోవాలి. ఇళ్లు తరచుగా శివార్లలో ఉంటాయి, క్యాంపస్‌కి గంట ప్రయాణం పట్టొచ్చు. భోజనం వేళకు రాలేకపోతే ముందే చెప్పాలి. స్నేహితులను రాత్రికి తీసుకురావడం సాధారణంగా కుదరదు. వంటగది వాళ్లది, మీరు అతిథి. ల్యాబ్‌లో రాత్రి పొద్దుపోయేదాకా ఉండే కోర్సులు తీసుకున్నవాళ్లకు ఇది సరిపడదు.

ఏజెన్సీ ఫారంలో "ఆహార నియమాలు" అన్న చోట ఒక్క పదం రాసి వదిలేయకండి. శాకాహారం అంటే కొన్ని ఇళ్లలో చేపలు వడ్డిస్తారు, మాంసం రసంతో చేసిన సూపు కూడా వడ్డిస్తారు. ఏవేవి తినరో విడివిడిగా రాయండి. పెంపుడు జంతువులతో అలర్జీ ఉంటే అదీ రాయండి. గది తలుపుకు గడియ ఉంటుందా, బట్టలు వారానికి ఎన్నిసార్లు ఉతకవచ్చు, వైఫై గది దాకా వస్తుందా అనేవి చిన్నగా కనిపిస్తాయి కానీ రోజూ ఎదురయ్యేవి అవే. ఇల్లు నచ్చకపోతే మార్చుకోవడానికి ఎన్ని రోజుల నోటీసు కావాలో కాగితం మీద ఉండాలి. మార్చమని అడగడం తప్పేమీ కాదు, కుటుంబాలకూ ఏజెన్సీలకూ అది అలవాటే.

## ప్రైవేట్ స్టూడియో

శుభ్రంగా ఉంటుంది, ఆన్‌లైన్‌లో పది నిమిషాల్లో బుక్ అవుతుంది, ఫొటోలో ఉన్నట్టే ఉంటుంది. ఖరీదు ఎక్కువ, ఒప్పందం పొడుగు. స్థానిక గ్యారంటర్ (మీరు అద్దె కట్టకపోతే తాను కడతానని హామీ ఇచ్చే మనిషి) లేకపోతే కొన్నిచోట్ల కొన్ని నెలల అద్దె ముందే అడుగుతారు. ఫ్రాన్స్‌లో ఈ చిక్కుకు "విజాల్" అనే ఉచిత గ్యారంటీ పథకం ఉంది, విద్యార్థులు వాడుకోవచ్చు. కొన్ని సంస్థలు సెమిస్టర్ ఒప్పందాలు కూడా ఇస్తాయి, వారపు అద్దె కాస్త పెంచి. అది దొరికితే పైన చేసిన లెక్క వేసి చూడండి. దొరకకపోతే, ఏకాంతం లేకుండా చదువు సాగదనుకునేవాళ్లకు, జంటగా వెళ్లేవాళ్లకు తప్ప దీన్ని నేను సిఫార్సు చేయను. ఒంటరితనం మొదలయ్యేది మూడో వారంలో, కొత్త మోజు తీరాక. స్టూడియోలో అప్పుడు వంటగదిలో ఎదురుపడి పలకరించే మనిషి కూడా ఉండరు.

## "అక్కడికెళ్లి వెతుక్కుంటా" అనేవాళ్లకు

ఇది తెలివితక్కువ ఆలోచనేం కాదు. ప్రతి ఊరికీ పనికిరాదు, అంతే. విద్యా సంవత్సరం మధ్యలో మొదలయ్యే సెమిస్టర్‌కి వెళ్తుంటే, మొదటి సగానికి వచ్చినవాళ్లు ఖాళీ చేస్తుంటారు కాబట్టి గదులు దొరుకుతాయి. కళ్లతో చూసి తీసుకోవచ్చు, మోసానికి తావు తక్కువ. సెప్టెంబర్‌లో ఆమ్‌స్టర్‌డామ్, డబ్లిన్, మ్యూనిక్, పారిస్ లాంటి చోట్లకు మాత్రం ఇలా వెళ్లకండి. నెదర్లాండ్స్‌లో కొన్ని యూనివర్సిటీలు గది ఖాయం కాకపోతే రావద్దని విదేశీ విద్యార్థులకు బాహాటంగానే చెప్పాయి. అదీ కాక, వెతుక్కునే రోజుల్లో ఉండే ట్రావెలర్స్ హాస్టల్ చిరునామాతో రిజిస్ట్రేషన్ సాధారణంగా కుదరదు.

## ఎవరికి ఏది

డబ్బే మొదటి లెక్క అయితే హాస్టల్, లేదా సబ్‌లెట్ గది. భాష కోసం వెళ్లేవాళ్లకు హోమ్‌స్టే, అది దొరక్కపోతే స్థానిక విద్యార్థులున్న ఫ్లాట్. రోజూ సొంతంగా వండుకోవాల్సినవాళ్లు ఫ్లాట్ వైపే చూడాలి, హాస్టల్ అయితే వంటగది ఉందని రాతపూర్వకంగా తెలుసుకున్నాకే ఒప్పుకోవాలి. మితభాషులకు చాలామంది స్టూడియో చెబుతారు. నేను ఒప్పుకోను. వాళ్లకు ఇద్దరు ముగ్గురు మాత్రమే ఉండే ఫ్లాట్ ఎక్కువ నప్పుతుంది. తలుపు వేసుకుంటే ఏకాంతం, తీస్తే తెలిసిన మనుషులు. రెండింటి మధ్య ఊగిసలాడుతుంటే, మొదటి నెల హోమ్‌స్టేలో ఉండి తర్వాత ఫ్లాట్‌కి మారడం కుదిరే పనే. హోమ్‌స్టే ఏజెన్సీ నెల ఒప్పందం ఇస్తుందో లేదో, కొత్త చిరునామాతో మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలో లేదో ముందే కనుక్కోండి.

## దిగిన రోజు, వదిలే రోజు

గదిలో అడుగు పెట్టిన రోజే గోడలు, పరుపు, పొయ్యి, బాత్రూమ్ అన్నీ వీడియో తీసి, యజమానికి మెయిల్ చేయండి. ఉన్న గీతలు, మరకలు మీవి కావని తేదీతో సహా చెప్పగలిగేది అదొక్కటే. వదిలే రోజు మళ్లీ అదే వరుసలో వీడియో తీసి, తాళాలు ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. జర్మనీలో యజమాని డిపాజిట్ తిరిగి ఇవ్వడానికి ఖాళీ చేశాక కొన్ని నెలలు కూడా తీసుకోవచ్చు. ఈలోపు మీరు ఇంటికి వచ్చేసి ఉంటారు. కాబట్టి విమానం ఎక్కే ముందు హడావిడిగా అక్కడి బ్యాంకు ఖాతా మూసేయకండి. ఆన్‌లైన్‌లో వాడుకునే వీలుంటే డిపాజిట్ జమయ్యేదాకా ఉంచండి. ఖాతాకు ముడిపడిన ఫోన్ నంబరు ఆగిపోతే లాగిన్ కూడా ఆగిపోతుంది, దాన్ని మీ సొంత నంబరుకు ముందే మార్చుకోండి.